గోవిందప్ప షెడ్డు దాకా: మదనపల్లె నుంచి కుప్పానికి రెండు బండ్ల మీద

ఈ దారిలో మేము పన్నెండేళ్ల కిందట ఒకసారి వెళ్లాం. మదనపల్లెలో డిగ్రీ పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న రోజులవి. మళ్లీ వెళ్దాం, మళ్లీ వెళ్దాం అని మిత్రులు అడిగినప్పుడల్లా నేనే ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాను. కాలేజీలో సెలవు లేదన్నాను, పాపకు జ్వరమన్నాను, ఒకసారి అయితే లేని నడుం నొప్పి కూడా తెచ్చుకున్నాను. మొన్న గోవిందప్ప ఫోన్ చేసి పిలిచినప్పుడు కూడా ఏదో ఒకటి చెప్పేవాడినే. రామకుప్పం దగ్గర పల్లెలో పట్టుపురుగులు పెంచే రైతు అతను, డిగ్రీలో నా పక్క బెంచీ.

"కొత్త షెడ్డు ఏసినాప్పా. ఆదివారం పాలు పొంగిస్తాండాము. మీరు ముగ్గురూ రావల్ల. కార్లో గాదు, అప్పుట్లో మాదిరి బండ్ల మీదనే రావల్ల" అన్నాడు.

మాట మార్చడానికి "ఇంకా ఎవరెవరు వస్తారు?" అన్నాను.

"అందురూ వస్తారు. సిన్నాయనొకడు రాడు, అంతే. ఆయప్పకూ మాకూ మాటల్లేవు గదా."

"యాల? ఏమైంది?"

"నీకు తెలీదా? ఆ పొద్దు మీరు ఇట్ల పోయినారో లేదో, పురుగులన్నీ సచ్చిపోయె గదా. సిన్నాయన పక్క మడిలో టమోటాకు మందు కొట్టినాడు, అది గాలికి షెడ్డులోకి వచ్చేసింది. మా నాయన నోటికొచ్చినట్టల్లా తిట్టినాడు. నాయన సచ్చిపోయేదాకా ఆయప్పతో మాట్లాడ్లేదు. నాయన పోయినప్పుడు గూడా సిన్నాయన గేటు బయటే నిలబడి సూసి ఎలబారిపాయె."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి అప్రయత్నంగా చొక్కా జేబు మీదికి పోయింది. ఆ పురుగులను చంపింది చిన్నాయన కాదు, నేను. పురుగులు పోయాయని అప్పట్లో తెలుసు. ఏదో రోగం వచ్చిందట అని ఎవరో అంటే, సరే రోగమే అనుకుని ఊరుకున్నాను. ఆ నేరం ఒక పెద్దమనిషి నెత్తిన పడిందని, ఇద్దరు అన్నదమ్ములు దాని వల్లే విడిపోయారని ఫోన్‌లో ఆ క్షణం వరకు నాకు తెలియదు. "వస్తాన్రా" అన్నాను. ఈసారి సాకు వెతకలేదు.

అప్పుడేం జరిగిందో ముందే చెప్పేస్తాను. గోవిందప్ప వాళ్ల పాత షెడ్డు ముందు రేకుల పంచ ఉండేది, మాకు పడక అక్కడే వేశారు. లోపల తట్టల నిండా పురుగులు. నాలుగోసారి పొర విడిచే నిద్ర, వాళ్ల మాటలో నాలుగో జ్వరం, లేచి, ఇంకో నాలుగు రోజుల్లో గూడు కట్టడానికి సిద్ధంగా ఉన్నాయి. వాళ్లమ్మ మాకు అన్నం పెడుతూ, "సెంటు పూసుకోని లోపలికి పోవద్దండి నాయనా, బీడీ తాగద్దండి, పురుగు తట్టుకోదు" అని చెప్పింది. ఆమె కాయిల్ మాట చెప్పలేదు. దోమలు పీకుతుంటే నేను సంచిలోంచి దోమల కాయిల్ తీసి, కిటికీ జాలీ కింద వెలిగించి పడుకున్నాను. లోపల కదా వద్దన్నది, ఇది బయట కదా అనుకున్నాను. పొద్దున లేచి కిటికీలోంచి చూస్తే జాలీ పక్క తట్టలో పురుగులు తలలు పైకెత్తి అటూ ఇటూ ఊపుతూ పచ్చగా కక్కుతున్నాయి. నాకు అర్థమైంది. ఎవరూ చూడకుండా కాయిల్ ముక్కను కంచె అవతలికి విసిరి, బూడిదను కాలితో చెరిపేసి, "ఎండ ఎక్కకముందే బయల్దేరుదాం పదండి" అని అందరినీ తొందరపెట్టాను. నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ, ధైర్యం ఇంకా తక్కువ.

ఇక ప్రయాణం సంగతి. మదనపల్లెలో షఫీకి బండ్ల స్పేర్ పార్టుల కొట్టు ఉంది. ఆ వారమంతా సాయంత్రం పూట అక్కడే కూర్చుని పథకం వేశాం. నిమ్మనపల్లె నాగరాజు మూడోవాడు. తాతల నాటి నుంచీ గొర్రెల కుటుంబం, ఇప్పుడు వాడు బ్యాంకులో క్యాషియరు. ఏమేం తీసుకుపోవాలో జాబితా రాయమంటే నాగరాజు రాసింది ఇది: శెనక్కాయ చిక్కీ, నిప్పట్లు, మురుకులు, ఊరగాయ, రెయిన్‌కోటు. "ఇది పెండ్లి సారె మాదిరి ఉండాదిప్పా" అని షఫీ దాన్ని చించేసి, స్పార్క్ ప్లగ్గు, క్లచ్ వైరు, ట్యూబు, గాలి పంపు, రెండు లీటర్ల నీళ్లు అని మళ్లీ రాశాడు. షఫీ దగ్గర పన్నెండేళ్ల కిందటి అదే పాత టూ స్ట్రోక్ బండి ఉంది. పెట్రోల్లో ఆయిల్ కలపాలి, ఎత్తు ఎక్కితే పొగ కక్కుతుంది, అయినా అమ్మడు. నాది మామూలు వంద సీసీ బండి, వెనక నాగరాజు, వాడి ఒళ్లో వాడి మురుకులు.

శనివారం పొద్దున ఐదున్నరకు బయల్దేరాం. ఆ వేళకు మదనపల్లెలో టమోటా లారీలు తప్ప రోడ్డు మీద ఎవరూ ఉండరు. ఊరు దాటేదాకా నలిగిన టమోటా వాసన వెంట వస్తుంది. ఈ వాసన పడని వాళ్లుంటారు, నాకు మాత్రం ఇష్టం. మా నాయన మండీలో క్రేట్లు మోసి నన్ను చదివించాడు, ఇంటికి వచ్చినప్పుడు ఆయన చొక్కా ఇదే వాసన వచ్చేది. ఇప్పుడు నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని కాలేజీలో లెక్కలు చెప్తున్నాను. మలుపు దగ్గర బండి కాస్త మెల్లగా నడిపి, ఆ వాసన కడుపారా పీల్చుకుని ముందుకు పోయాను.

పుంగనూరు పాతిక కిలోమీటర్ల లోపే. ముప్పావు గంటలో పోవచ్చు. మాకు గంటంబావు పట్టింది, ఎందుకంటే దారిలో గొర్రెల మంద కనపడ్డప్పుడల్లా నాగరాజు దిగుతాడు. రోడ్డు పక్క ఒక కాపరి తలకు కంబళి ముసుగు వేసుకుని మందను దాటిస్తున్నాడు. నాగరాజు ఒక పొట్టేలు వీపు నిమిరి, "ఎన్ని పండ్లప్పా?" అని దాని వయసు అడిగాడు. "రెండు పండ్లు. నీకు గొర్రెలు తెలుసునా సారూ?" అన్నాడు ఆయన. "తెలుసునా అంటావే! నేను నడక నేర్చిందే మందలో" అన్నాడు నాగరాజు. ఆ పెద్దాయన మావాడి బూట్లు, గడియారం పైనుంచి కిందికి చూసి, "మల్ల ఇప్పుడు యాడ మేపుతాండావు?" అన్నాడు. షఫీ నవ్వి నవ్వి బండి స్టాండు వేయడం మరిచిపోయాడు, అది కాస్తా పక్కకు ఒరిగింది. నాగరాజు మాత్రం పుంగనూరు వచ్చేదాకా షఫీకి ఒక్క మురుకు కూడా ఇవ్వలేదు.

పుంగనూరు బస్టాండు దగ్గర చిన్న హోటల్లో ఇడ్లీ తిన్నాం. మనిషికి నలభై రూపాయలు దాటదు, శెనక్కాయ చట్నీ అడిగినన్ని సార్లు పోస్తారు. పొట్టి ఆవులు చూడాలని వచ్చేవాళ్లు ఊళ్లో వెతకొద్దు, కనపడవు. హోటలామెను అడిగితే, "ఈ ఊరి పేరు పెట్టుకోని దేశమంతా తిరుగుతాండాయప్పా అవి. ఈడ నాకైతే కంటికి కనపళ్లా" అంది. ఊరు దాటాక ఒక ఇంటి ముందు మాత్రం ఒకటి కట్టేసి ఉంది. నా నడుం ఎత్తు కూడా లేదు, చూపు మాత్రం ఊరికంతా పెద్దదాని లాగా ఉంది.

పలమనేరు చేరేసరికి తొమ్మిదిన్నర. అక్కడ టీ కొట్టులో కూర్చున్నాక ఇక ఆగలేక వాళ్లిద్దరికీ చెప్పేశాను. కాయిల్, బూడిద, కంచె, ఫోన్‌లో గోవిందప్ప అన్న మాట, అన్నీ. పన్నెండేళ్లలో మొదటిసారి బయట పెట్టాను.

నాగరాజు మురుకుల పొట్లం మూసేసి, "ఊరుకో రమణా. ఎప్పుటి మాటో. వాళ్ల నాయన గూడా పోయినాడు. ఇప్పుడు సెప్పి శుభకార్యం పాడు సేస్తావా?" అన్నాడు.

షఫీ మాత్రం ఒప్పుకోలేదు. "సెప్పకుండా పోయి ఆ షెడ్డులో పాయసం తాగుతావా? నీకు దిగుతుందా గొంతులో?"

"దిగదు."

"అయితే సెప్పు. కొడితే ఆ నాలుగు దెబ్బలూ తిను. బండి నేను నడుపుతా."

అక్కడి నుంచి వి.కోట ముప్పై కిలోమీటర్లు ఉంటుంది. రోడ్డు బాగుంది. పన్నెండేళ్ల కిందట ఇక్కడ గుంతలు లెక్కపెడుతూ, గుంతకొక పాట పాడుకుంటూ వెళ్లాం. ఇప్పుడు గుంతలు లేవు, పాటలు కూడా రాలేదు. వి.కోటలో ఐదు వందలకు పెట్రోలు పట్టించి రామకుప్పం దారి పట్టాం. ఇక్కడి నుంచి అడవి పక్కపక్కనే వస్తుంది. రాగి చేలల్లో మంచెలు, వాటి మీద డబ్బాలు, టపాసుల పెట్టెలు. నీళ్ల కోసం ఆగితే, చేలో ఉన్న ఒకామె ముందు మా బండ్ల వైపు చూసి, "యాడికి పోతాండారు? పొద్దుగూకినాక ఈ దోవన రావద్దండప్పా. మొన్న ఏనుగులొచ్చి మా రాగులన్నీ తొక్కేసి పోయినాయి" అంది. "మరి మీరు ఎట్లుంటారమ్మా?" అంటే, "మేము యాడికి పోతాము? అవి తినంగా మిగిలింది మేము తింటాము" అని నవ్వింది.

పన్నెండుంబావుకు గోవిందప్ప ఊరు చేరాం. మనిషి ఒళ్లు చేశాడు, జుట్టు పలచబడింది. నన్ను చూడగానే గట్టిగా కావలించుకుని, "ఇన్నేండ్లకు నీకు దోవ తెలిసెనా?" అన్నాడు. రాగి సంగటి, శెనక్కాయలతో నూరిన ఊరుబిండి పచ్చడి, చింతాకు పప్పు పెట్టారు. వాళ్లమ్మ అప్పట్లాగే సంగటి ముద్ద మీద గుంత చేసి నెయ్యి పోసింది. ఆ ముద్ద ముందు కూర్చుంటే ఇరవై ఏళ్ల వాడినైపోయాను, అదే ఆకలి, అదే భయం. తిన్నాక గోవిందప్ప కొత్త షెడ్డు చూపించాడు. ఎత్తైన గోడలు, సన్నని జాలీ, గడప దగ్గర కాళ్లు కడుక్కోవడానికి తొట్టి. కంచె అవతల చిన్నాయన టమోటా మడి కర్రలు కట్టి పచ్చగా ఉంది. కానీ కంచె పక్కన నాలుగు సాళ్ల వెడల్పున నేల బీడుగా వదిలేసి ఉంది, తుమ్మ మొక్కలు, గడ్డి పెరిగాయి. ఆ పొడవునా ఎందుకట్లా వదిలారో అడగబోయి, అసలు మాట ముందు చెప్పాలని ఆగిపోయాను.

"గోవిందా, నీకొక మాట చెప్పాలి" అన్నాను. చెప్పాను. మధ్యలో ఆగలేదు, సాకులు కలపలేదు. వాళ్లమ్మ వాకిట్లో గిన్నెలు కడుగుతూ చెయ్యి ఆపేసింది.

గోవిందప్ప నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తొట్టి దగ్గర కూర్చుని, ఉత్త చేతులనే కడిగిందే కడిగాడు. వాళ్లమ్మ మాత్రం నెమ్మదిగా, "నేను సెంటు సెప్పితి, బీడీ సెప్పితి. కాయిలు మాట నా నోటికి రాల్యా" అంది, అదేదో తన తప్పయినట్టు. నాకు ఏడుపొచ్చింది.

చివరికి గోవిందప్ప లేచి, "నాకు సెప్పి ఏం లాభం? నడు" అన్నాడు. తనే కంచె తీగ ఎత్తి నన్ను అవతలికి దాటించాడు. ఆ కంచె దాటడం వాడికీ పన్నెండేళ్లలో అదే మొదటిసారి.

చిన్నాయన మడిలో టమోటా కొమ్మలకు పురికొస కడుతున్నాడు. డెబ్బై దాటిన మనిషి, నోట్లో బీడీ. అన్న కొడుకు తన మడిలోకి వస్తుంటే నమ్మలేనట్టు చూశాడు. గోవిందప్ప, "ఈయప్ప నీకేందో సెప్పల్లంట" అని పక్కకు తిరిగి నిలబడ్డాడు. నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాను. చెప్పేది అయిపోయాక చిన్నాయన చేతిలోంచి పురికొస జారిపోయింది.

"అయితే... నేను గాదా?" అన్నాడు.

"కాదు పెద్దాయనా. నేనే."

"ఆ పొద్దు నేను మందు కొట్టిన మాట నిజమే. గాలి ఇట్లుండాదని అనుకుంటి, అట్ల తిరిగిందేమో అనుకుంటి. మా అన్న తిట్టినాడని గాదు. నేనే సంపినానని అనుకుంటి." బీడు నేల వైపు చెయ్యి చూపించాడు. "అందుకే ఆ నాలుగు సాళ్లు ఇడిసిపెట్టినా. మల్ల ఎప్పుడూ ఆడ మందు పడకూడదని."

కాళ్లు పట్టుకోబోయాను. ఆయన వెనక్కి జరిగాడు. ఆ కళ్లలో అప్పుడొచ్చింది కోపం.

"పన్నెండేండ్లు! మా అన్న పీనుగును గేటు బయట నిలబడి సూస్తిని. ఇప్పుడొచ్చి నాకు సెప్తాండావే, పొయ్యి ఆయనకు యాడ సెప్తావు? లెయ్, పో ఈడనుంచి."

లేచి వచ్చేశాను. రాత్రికి వాళ్లింట్లో ఉండటానికి ముఖం చెల్లక, మేము ముగ్గురం పొద్దుండగానే కుప్పం వెళ్లిపోయాం. ఇరవై కిలోమీటర్ల పైన ఉంటుంది. గోవిందప్ప ఆపలేదు, "రేపు ఏడుకంతా రాండి" అని మాత్రం అన్నాడు. రైల్వేస్టేషన్ వైపు లాడ్జిలో ముగ్గురికి కలిపి తొమ్మిది వందలకు గది దొరికింది. కుప్పంలో సాయంత్రం తిరగడం నాకు ఎప్పుడూ ఇష్టం. ఒక కొట్టులో తెలుగు, పక్క కొట్టులో తమిళం, బస్సులో కన్నడం వినిపిస్తాయి, మనిషి ఒకడే మూడూ మాట్లాడతాడు. అప్పట్లో ఇదే స్టేషన్ ప్లాట్‌ఫారం మీద కూర్చుని, ఉద్యోగాలు వచ్చాక ఏటా వద్దామని ఒట్టు పెట్టుకున్నాం. ఈసారి అదే బెంచీ మీద కూర్చుంటే షఫీ నా భుజం మీద చెయ్యి వేసి, "సెప్పేసినావు గదా, తిను" అని బోండాల పొట్లం చేతిలో పెట్టాడు. సగం తిన్నాను.

ఆదివారం ఏడు గంటలకు షెడ్డు దగ్గర జనం. కొత్త పొయ్యి మీద పాల కుండ. పాలు పొంగబోతున్నా గోవిందప్ప కళ్లు కంచె వైపే ఉన్నాయి. పాలు పొంగాయి, ఆడవాళ్లు పసుపు కుంకుమ వేశారు, చిన్నాయన రాలేదు. నేను అందరికీ దూరంగా నా బండి పక్కన నిలబడ్డాను. పాయసం గ్లాసులు పంచుతున్నారు, నా దాకా వచ్చిన గ్లాసును నాగరాజుకు ఇచ్చేశాను.

అప్పుడు వచ్చాడాయన. కంచె దాటి కాదు, ముందు దారి నుంచి, గేటులోంచి. తెల్ల పంచె, కొత్త తువ్వాలు. ఎవరినీ పలకరించకుండా నేరుగా షెడ్డు గడప దగ్గరికి వచ్చి, తొట్టిలో కాళ్లు కడిగి, చేతులు మోచేతుల దాకా కడిగి, ఆగిపోయాడు.

"గోవిందా, నిన్న మద్దేనం నుంచి బీడీ ముట్టలేదురా. గుడ్డలు గూడా ఉతికినవే. లోపలికి రావచ్చునా?"

గోవిందప్ప ఏడుస్తూ నవ్వాడు. "పురుగులు ఇంకా దించలేదు సిన్నాయనా. షెడ్డు ఉత్తదే. రా."

పెద్దాయన లోపలికి వెళ్లి, ఖాళీ తట్టలు ఒక్కొక్కటీ తాకుతూ షెడ్డంతా తిరిగాడు. బయటికి వస్తూ నా ముందు ఆగాడు. మొహం చూడలేదు. "సంగటి తిని పో" అన్నాడు, అంతే. క్షమించాడని నేను అనుకోవడం లేదు. కానీ తిన్నాను, ఆయన వరసలోనే కూర్చుని.

తిరుగుదారి పలమనేరు మీదుగానే. సాయంత్రం నాలుగుకు మదనపల్లెలో ఉన్నాం. నా బండి మీటరులో రెండు వందల యాభైకి పైగా తిరిగింది. దూరం లెక్కన చూస్తే ఇదేం పెద్ద ప్రయాణం కాదు, లదాఖ్ వెళ్లొచ్చిన మా కాలేజీ కుర్ర మాస్టరు వింటే నవ్వుతాడు. నాకు మాత్రం ఇది పన్నెండేళ్ల దారి. ఇరవై ఏళ్లప్పుడు తిరిగిన చోట్లకు మళ్లీ పోతే ఆ వయసు దొరుకుతుందని అందరం అనుకుంటాం. నాకు దొరికింది, కాకపోతే అప్పుడు చేసిన పని కూడా దాని పక్కనే కూర్చుని ఉంది. ఒక్క మాట చెప్పి ఉంటే ఒక మనిషి తన అన్న శవం దగ్గరికి పోగలిగేవాడు. ఆ మాట నా దగ్గర ఉండి కూడా నేను చెప్పలేదు. ఈ బాధ నాకు పోదు, పోకూడదు.

ఈ దారిలో వెళ్లేవాళ్లకు ఒక్క సూచన. ఇక్కడ చాలా ఇళ్లలో పట్టుపురుగులు ఉంటాయి, ఆదరించి పడక కూడా వేస్తారు. మీ సంచిలో దోమల కాయిల్, దోమల క్రీము, సెంటు ఉంటే వాళ్ల గడప తొక్కకముందే బయటికి తీసి చూపించి, ఎక్కడ పెట్టాలో అడగండి. ఒకవేళ తెలియక వెలిగించి ఉంటే, పొద్దున బండి ఎక్కకముందే ఆ ఇంట్లోవాళ్లను లేపి చెప్పండి.